అద్దంలో ఎడమకాలు

ఎముక పోయిన రోజు ఆ ఇంట్లో ఐదుగురున్నారు.

ఒకరు ఇంటాయన. ఎప్పుడో అంతరించిపోయిన వేటపక్షుల ఎముకలు తప్ప లోకంలో ఇంకేదీ పట్టని మనిషి. వీధిలో ఆయన్ని ఎముకల పెద్దాయన అంటారు, ఇంట్లో వట్టి పెద్దాయన. తర్వాత ఆయన కూతురు. తండ్రి చేతికి వచ్చిన ప్రతి ఎముకకీ బొమ్మ గీసేది ఆమే. ఆమె భర్త మ్యూజియంలో పక్షుల విభాగం చూస్తాడు. మామగారితో వాదించడం ఆయనకి జీతం రాని రెండో ఉద్యోగం. వంటావిడ పొద్దున్నే వచ్చి చీకటి పడకముందే వెళ్ళిపోతుంది, మేడ మీద ఎముకల గదిలోకి మాత్రం చచ్చినా అడుగు పెట్టదు. ఇక ఐదో మనిషి అచ్చులు పోసే ఆయన. ఎముకకి మూస తీసి, సున్నపుపిండిలాంటి తెల్లటి ప్లాస్టర్‌తో నకలు తయారు చేస్తాడు. కూతురు పాకే వయసు నుంచీ ఈ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాడు గనక ఆమెకి ఆయన బాబాయ్.

ఇప్పుడు మిగతా నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. బాబాయ్ మాత్రం పోలీస్ స్టేషన్లో ఉన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి సూదమ్మ ఆ ఇంటి మెట్లెక్కింది. అది ఆమె అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎక్కడ పడితే అక్కడ గుచ్చి గుచ్చి అడుగుతుందని తోటివాళ్ళు పెట్టిన పేరు. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాక అసలు పేరు బోర్డుకి మిగిలింది, ఈ పేరు జనం నోట్లో మిగిలింది.

కూతురు గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె వేళ్ళ చివర సిరా మరకలు ఎండిపోయి ఉన్నాయి.

"ఇంతసేపా మేడం?"

"నువ్వు ఫోన్ చేసి అరగంట కూడా కాలేదమ్మా. కాస్త నిదానంగా చెప్పు."

"ఇన్‌స్పెక్టర్ ఐదింటికి బాబాయ్‌ని కోర్టుకి తీసుకెళ్తానన్నాడు. ఆలోపు ఎముక దొరక్కపోతే జైలుకే. ఆయనకి ఉబ్బసం మేడం. మా ఇంటి మెట్లెక్కడానికే రెండుసార్లు ఆగుతారు. జైల్లో ఎలా ఉంటారు?"

"ఆయన తీయలేదని నీకెలా తెలుసు?"

"తెలుసు, అంతే."

సూదమ్మ పెదవి విరిచింది. 'తెలుసు, అంతే' అన్న సాక్ష్యంతో ఇంతవరకూ ఎవరూ విడుదల కాలేదు.

పెద్దాయన కింద తన పడకగదిలో ఉన్నాడు. గోడవైపు తిరిగి, మెడ దాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. సూదమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పోయిన ఎముకని ఆఖరిసారి ఎప్పుడు చూశారండీ?"

"దానికి పేరుంది," అన్నాడు ఆయన గోడతో. "పెనుగద్ద కుడికాలి ఎముక. నేను పడుచువాడిగా ఉన్నప్పుడు ఒక గుహలో దొరికింది. ఆ పక్షి ఇప్పుడు లోకంలో లేదు. ఒక్క ఎముక, అంతే. రేపు పొద్దున మ్యూజియం వాళ్ళొచ్చి దాన్ని తీసుకెళ్ళి, పెనుగద్దని కొత్త జాతిగా ప్రకటించాలి. అది పోయింది."

"ఎప్పుడు చూశారు?"

"ఒక్క ఎముకని పట్టుకుని అది ఎవరిదో చెప్పడం అంటే మాటలు అనుకున్నారా? అంతరించిన జాతి తన గురించి తాను చెప్పుకోలేదు. బతికున్న చుట్టాలందర్నీ పిలిచి పక్కన కూర్చోబెట్టాలి. గద్ద ఎముక, డేగ ఎముక, రాబందు ఎముక. ఈ గట్టు ఎవరి పోలిక, ఈ గాడి ఎవరి పోలిక అని చూసుకుంటూ పోవాలి. నా జీవితం దానికే సరిపోయింది."

"అయ్యా, టైము చెప్పండి."

పెద్దాయన ఊపిరి వదిలాడు. "పదింటికి. అచ్చుల ఆయన తన నకలుకి మెరుగులు దిద్దుకుని సంచీ సర్దుకుంటున్నాడు. నాకు ఫోనొస్తే కిందికి దిగాను. తిరిగి వెళ్ళేసరికి ఆయన వెళ్ళిపోయాడు. గదికి తాళం వేసుకుని వచ్చేశాను."

"ఎముక ఉందో లేదో చూడలేదా?"

"రోజూ ఉండేదాన్ని రోజూ చూస్తామా? మళ్ళీ పన్నెండున్నరకి తెరిచాను. లేదు."

"తాళంచెవి?"

"ఒక్కటే. నా జేబులో ఉంది."

"మీ అల్లుడు పదకొండింటికి ఏదో పెట్టె తెచ్చారట."

"తెచ్చాడు. గది బయట పెట్టి పోయాడు. తలుపు తీశాక లోపలికి లాగాను. విప్పలేదు. పెనుగద్ద లేనప్పుడు ఇంకో ఎముకని ఎవరి పక్కన పెట్టి చూడను?"

అడిగిన ప్రతిదానికీ జవాబు ఉంది. గోడకి సున్నం వేసినట్టు నున్నగా ఉంది. గోరు పెట్టడానికి సందు లేదు.

"అచ్చుల ఆయనే తీశాడంటారా?"

"నేను అనలేదు. చూసింది చెప్పాను. మిగతాది ఇన్‌స్పెక్టర్ అన్నాడు."

"మీకు ఆయన ఎన్నేళ్ళుగా తెలుసు?"

పెద్దాయన దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాడు. కాసేపు చూసి సూదమ్మ లేచింది. పావుగంట అయిపోయింది, చేతిలో ఒక్క గింజ పడలేదు.

ఎముకల గదిలో ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటున్నాడు. ఒకప్పుడు సూదమ్మ కింద పనిచేసినవాడే. ఆమె సంతకం కోసం బయట బల్ల మీద కూర్చుని ఎదురుచూసిన రోజుల్ని అతను మరిచిపోలేదు, మరిచిపోనివ్వడు కూడా.

"రండి సూదిగారూ. దారం తెచ్చుకున్నారా, కుట్టడానికి?"

"నోరుందిగా నీకు, దాన్ని కుట్టమంటే చెప్పు, మొదలుపెడతాను."

అతను నవ్వాడు. "కష్టపడకండి. ఇలాంటి దొంగతనాలు ఎన్ని చూడలేదు. బయటినుంచి వచ్చే మనిషి, చేతిలో సంచీ, యజమాని లేని పది నిమిషాలు. పాత కేసుల పక్కన దీన్ని పెట్టి చూశాను. ముక్కూ మొహం అచ్చు అదే పోలిక."

"సంచీలో ఎముక దొరికిందని స్టేషన్లో అందరికీ టీ పోయించావట?"

ఇన్‌స్పెక్టర్ నవ్వు సగంలో ఆగింది. ఆ సంగతి ఈమెదాకా వస్తుందనుకోలేదు పాపం. సంచీలో దొరికింది నకలు. అల్లుడు గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది.

"నకలు చేతిలో ఉందంటే అసలుది ఎక్కడో దాచాడనే గదా," అంటూ అతను జేబులోంచి ఆ ప్లాస్టర్ ఎముకని తీసి బల్ల అంచున పెట్టాడు. "మీరే ఉంచుకోండి. కాగితాలు ఎగిరిపోకుండా పనికొస్తుంది."

"సంచీ తప్ప ఇంకేమైనా వెతికావా?"

"ఆ పెట్టె విప్పించాను. ఇద్దరు సాక్షుల ఎదుట. ఎర్ర ఊలు తుక్కులో ఏదో గద్ద కాలు ఉంది. పైనుంచి చూసి, ముట్టుకోకుండా మళ్ళీ కట్టేశాను. ఈ బల్ల జోలికి మాత్రం పోలేదు. పెద్దాయన మీదపడి కరిచేలా ఉన్నాడు."

అతను కాగితాలు మడిచి కిందికి దిగాడు. సూదమ్మ బల్ల ముందు ఒంటరిగా నిలబడింది.

పొడుగాటి బల్ల. దాని మధ్యలో దూది పరిచిన పళ్ళెం, ఖాళీగా. పెనుగద్ద ఎముక పడుకునే చోటు అదన్నమాట. చుట్టూ బతికున్న చుట్టాలు. వేలెడంత ఎముకలు, జానెడు ఎముకలు. ఒక్కొక్కటీ దొర్లిపోకుండా కింద రెండు మైనపు ముద్దల మీద ఆనించి ఉంది. ముద్దలో ఎముక ఆనిన చోట చిన్న గుంట. బల్ల కుడి చివర ఇంకో రెండు జతల మైనపు ముద్దలు ఎదురెదురుగా ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు. వాటి మధ్య ఒక రేకు డబ్బాకి ఆనించి గుండ్రటి అద్దం నిలబెట్టి ఉంది. మామూలు గడ్డం గీసుకునే అద్దం.

సూదమ్మ ఆ అద్దంలోకి చూసింది. అలిసిపోయిన మొహం ఒకటి చిరాగ్గా తిరిగి చూసింది.

ఒంగి చూసింది. కూర్చుని చూసింది. బల్ల కిందికి దూరి చూసి, లేచేటప్పుడు తల కొట్టుకుంది. ఎవరింట్లోనైనా బీరువా చూస్తే ఏది ఉండాల్సిన చోట లేదో ఇట్టే చెప్పగలదు. వంటగదిలో గిన్నెల వరస చూసి అత్తాకోడళ్ళ గొడవ పసిగట్టిన మనిషి. ఇక్కడ మాత్రం ఏది ఎందుకుందో కూడా తెలియడం లేదు. చదువురాని వాడికి పుస్తకం ఇచ్చి తప్పులు వెతకమన్నట్టుంది.

"అమ్మా," అని గుమ్మం బయటినుంచి వినిపించింది. వంటావిడ గడప అవతల నిలబడి, కళ్ళు నేలకి దించుకుని మాట్లాడుతోంది, ఎముకలు కనబడకుండా. "ఆ అద్దం ఇటిస్తారా? కింద కుళాయి దగ్గరది. పొద్దుట్నుంచీ మేకు ఒక్కటే వేలాడుతోంది."

"పొద్దుట్నుంచా?"

"పొద్దున కాదులెండి. పదకొండున్నరకి కూడా ఉంది. ఉల్లిపాయలు తరుగుతుంటే కంట్లో నలకపడితే అందులోనే చూసి తీసుకున్నా. అల్లుడుగారు పెట్టె మోసుకొచ్చి, పైన పెట్టి, చేతులు కడుక్కుని భోజనం గదిలోకి కూడా వెళ్ళిపోయారు అప్పటికి. ఆ తర్వాత చూస్తే లేదు."

"ఎవరు తెచ్చారు పైకి?"

"ఇంకెవరు, పెద్దాయనే అయ్యుంటారు. ఈ గదిలోకి ఆయన చెయ్యి తప్ప ఎవరి చెయ్యి పోతుంది? గడ్డం కూడా పొద్దునే అయిపోయింది. ఎముకలకి సోకు చేస్తున్నారేమో."

"పదకొండున్నర అని గట్టిగా చెప్పగలవా?"

"చెప్పకేం. పన్నెండింటికి వడ్డించకపోతే ఈ ఇంట్లో నా ప్రాణం తీస్తారు. గడియారం చూస్తూనే తరుగుతా నేను."

వంటావిడ వెళ్ళిపోయింది. సూదమ్మ అద్దం వైపు తిరిగింది. పదింటి నుంచి పన్నెండున్నర దాకా గది తెరవలేదన్నాడు పెద్దాయన. తెరిచేసరికి ఎముక లేదన్నాడు. వెంటనే అరిచాడు, ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. మరి అద్దాన్ని ఎప్పుడు తెచ్చాడు? ప్రాణంలాంటి వస్తువు పోయిన మనిషి అరవడానికి ముందు కిందికి దిగి అద్దం పట్టుకొస్తాడా?

అసలు అద్దంతో ఈ గదిలో పనేమిటి?

ఆమె మెట్ల మీదినుంచే అల్లుడిని కేకేసింది. అల్లుడు వచ్చాడు గానీ బల్ల దగ్గరికి రావడానికి జంకుతున్నట్టు తలుపు పక్కనే నిలబడ్డాడు.

"మీకూ మావయ్యగారికీ ఈ పక్షి గురించే గొడవట గదా?"

"గొడవ కాదండీ, అభిప్రాయభేదం."

"మీ ఆవిడ గొడవంది."

"ఆవిడ అలాగే అంటుంది." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మావయ్యగారు పోలికని నమ్ముతారు. నేను అంతగా నమ్మను. ఇప్పుడు బైరి డేగని చూస్తే గద్దకి తమ్ముడనిపిస్తుంది. వంపు ముక్కు, వాడి గోళ్ళు. కానీ పుట్టుక చూస్తే దానికి దగ్గర చుట్టం చిలక. చేసే వేట ఒకటే కాబట్టి పరికరాలు ఒకేలా తయారయ్యాయి. అలాగే అసలు చుట్టాలైన పక్షులు కూడా..."

"బాబూ," అంది సూదమ్మ. "నాకు మూడో పాఠం ఇది ఈ రోజు. నాలుగున్నర కావస్తోంది. నేను అడిగేదానికి ముక్కుసూటిగా చెప్పండి. ఎముకల పనిలో అద్దం ఎందుకు?"

అల్లుడు అప్పుడే అద్దాన్ని చూశాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది.

"కాళ్ళకి కుడి, ఎడమ ఉంటాయి గదా. కుడికాలి ఎముకని ఎడమకాలి ఎముకతో పోల్చలేం. చెప్పులు తారుమారు చేసి వేసుకున్నట్టుంటుంది. కుడిదానికి కుడిదే కావాలి. దొరక్కపోతే ఎడమదాన్ని అద్దంలో చూస్తాం. అద్దంలో ఎడమ కుడి అయిపోతుంది. పాత పద్ధతి. మావయ్యగారు ఇప్పటికీ ఫోటోల్ని నమ్మరు."

"ఈ బల్ల మీద ఉన్నవి?"

ఆయన ఒక్కసారి బల్ల పొడుగునా చూపు పోనిచ్చాడు. "అన్నీ కుడివే."

"అయితే అద్దం ఎవరి కోసం?"

ఆయన చూపు పెట్టె మీద ఆగింది.

"మీరు తెచ్చిన పెట్టెలో ఉన్నది ఏ కాలు?"

"ఎడమ," అన్నాడు ఆయన మెల్లగా. "బూడిదగద్ద ఎడమకాలు. జంతుశాలలో పోయిన నెల చచ్చిపోయింది. కుడికాలు ముక్కలైపోయింది, ఎడమది మాత్రమే ఇచ్చారు. ఆడది. అందుకే అడిగి మరీ తెచ్చాను."

"ఆడదైతే ఏంటట?"

"వేటపక్షుల్లో ఆడదే పెద్దదండీ. మగది చిన్నగా ఉంటుంది. బూడిదగద్ద చాలా అరుదు. మా దగ్గర ఇన్నాళ్ళూ ఉన్నవి మగవాటి ఎముకలే. పెనుగద్దకి బూడిదగద్ద పోలికలు ఉన్నాయని మావయ్యగారికి మొదట్నుంచీ తెలుసు. కానీ సైజులో పొంతన లేదు. ఆడది కొంచెం పెద్దగా ఉంటుందనుకుని ఆ కొంచెం కలిపి చూసినా, పెనుగద్ద ఇంకా చాలా పెద్దది. కాబట్టి వేరే జాతి అన్నారు. ఆ కొంచెం ఎంతో ఎవరూ కొలవలేదు. ఆడది ఎవరికీ దొరకలేదు."

సూదమ్మ పెట్టె తాడు విప్పి, ఎర్ర ఊలు పక్కకి తోసి, ఎముకని రెండు చేతులా పైకి తీసింది. అద్దానికి ఒకవైపున్న మైనపు ముద్దల మీదికి ఒంగి చూసింది. గుంటలో సన్నటి ఎర్రటి పోగులు మూడో నాలుగో అతుక్కుని ఉన్నాయి. ఎముకని ఆనించింది. ఒరలోకి కత్తి దిగినట్టు సర్దుకుంది.

"విప్పలేదన్న పెట్టెలోది ఇక్కడెప్పుడు పడుకుంది?" అంది, సగం తనలో తాను.

తర్వాత ఇన్‌స్పెక్టర్ కాగితాల బరువుకని ఇచ్చిపోయిన ప్లాస్టర్ నకలు తీసుకుంది. అద్దానికి రెండోవైపు ఉన్న ముద్దల మీద పెట్టింది. అదీ అలాగే కూర్చుంది. అసలు ఎముక కూచున్న గుంటలోనే దాని నకలు కూచుంది.

"ఇప్పుడు చూడండి," అంది.

చూడక్కర్లేదు. అద్దంలో జంతుశాల గద్ద ఎడమకాలు కుడికాలై కనిపిస్తోంది. పక్కన పెనుగద్ద కుడికాలు. అదే పొడుగు. అదే గట్టు, అదే గాడి. అడుగున గోళ్ళ వైపు మూడు కణుపులూ అవే. ఎముకల గురించి ఓనమాలు రాని సూదమ్మకి కూడా ఒక పక్షి కాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టినట్టే ఉంది.

అల్లుడు బల్ల అంచు పట్టుకున్నాడు.

"పెనుగద్ద లేదు," అన్నాడు. "ఎప్పుడూ లేదు. అది బూడిదగద్ద. ఆడ బూడిదగద్ద."

"మీ మావయ్యగారు ఇది ఈ రోజే, పదకొండున్నర దాటాక చూశారు. అంటే అప్పటికి ఎముక ఈ గదిలో ఉంది. అచ్చుల ఆయన పదింటికే వెళ్ళిపోయాడు. తాళంచెవి ఒక్కటే."

"మేడం, దయచేసి..."

"ఏం దయచేయను?"

"రేపు మ్యూజియం వాళ్ళొస్తారు. ఎముక చేతికిస్తే, ఈ ఆడదాన్ని పక్కన పెట్టి ఎవరో ఒకరు కనిపెట్టేస్తారు. ఎముక పోయిందంటే బొమ్మలుంటాయి, నకళ్ళుంటాయి, పెనుగద్ద ఉండే ఉంటుందిలే అన్న అనుమానమైనా మిగులుతుంది. దొరికిందంటే అదీ మిగలదు. ఆయన బతుకంతా ఆ ఒక్క పక్షి."

"అచ్చుల ఆయనకి కూడా ఒక్కటే బతుకు బాబూ," అంది సూదమ్మ, మెట్ల వైపు నడుస్తూ.

ఇన్‌స్పెక్టర్ వాకిట్లో బండి దగ్గర నిలబడి టోపీ సర్దుకుంటున్నాడు. సూదమ్మ చెప్పుకుంటూ పోయింది. అతను విన్నాడు. మర్యాదగానే విన్నాడు, అదే ఆమెకి ఎక్కువ మండింది.

"అద్దం, మైనం, ఎర్ర పోగులు," అన్నాడు చివరికి. "వీటితో జడ్జిగారికి ఏం చెప్పమంటారు? పక్షి కాలికి సింగారం చేశారని చెప్పనా?"

"వంటావిడ చెప్పిన టైము ఉంది."

"వంటావిడ కంట్లో నలక పడిన టైము. కోర్టులో ఇది చదివితే నన్ను బదిలీ చేస్తారు." అతను గొంతు తగ్గించాడు. "చూడండి, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కాదనను. ఎముక చూపించండి. ముసలాయన చేతిలో కనబడిందంటే ఇప్పుడే ఫోన్ చేసి అచ్చుల ఆయన్ని వదిలేయమంటాను. లేదంటే నా దగ్గరున్న పోలిక నాది."

"పోలికని నమ్మకూడదని పైన ఒకాయన పాఠం చెప్పాడు."

"ఆయనకి ఐదింటికి కోర్టు లేదు. పది నిమిషాలు ఆగుతాను. అదీ మీ సంతకాల కోసం బయట కూర్చున్న రోజులు గుర్తుపెట్టుకుని."

సూదమ్మ వెనక్కి తిరిగింది. హాలు దాటి పెద్దాయన పడకగది దగ్గరికి వచ్చేసరికి కూతురు తలుపు దగ్గరే ఉంది. చేతిలో నీళ్ళ గ్లాసు. పైన జరిగిన మాటలు ఆమెదాకా వచ్చాయో లేదో మొహం చూస్తే తెలియలేదు.

"దొరికిందా మేడం?" అంది ఆశగా. రాలేదన్నమాట.

సూదమ్మకి ఈ రోజు మొత్తంలో చెప్పడానికి ఏదైనా ఉందంటే ఇదొక్కటే. అదే నోటికి రాలేదు.

"మీ నాన్నగారి దగ్గరుందమ్మా."

"ఏంటి?"

"పొద్దున్న మీ ఆయన తెచ్చిన ఎముకతో పోల్చి చూశారు. రెండూ ఒకటే. పెనుగద్ద అనేది లేదు. అది తెలిసి ఎముక దాచేశారు. అది బాబాయ్ మీద పడుతుందని ముందు అనుకోలేదేమో. పడ్డాక మాత్రం నోరు విప్పలేదు."

కూతురు గ్లాసు కిటికీ గూట్లో పెట్టింది. నీళ్ళు ఒలికాయి.

"రెండూ ఒకటే అని ఎవరన్నారు?"

"మీ ఆయనే. కావాలంటే వెళ్ళి చూడు, బల్ల మీద అలాగే ఉంచాను. దానికి బొమ్మలు గీసినదానివి, నాకంటే నీకే బాగా తెలుస్తుంది."

ఆమె మెట్ల వైపు చూసింది గానీ కదల్లేదు. మెల్లగా గదిలోకి తిరిగింది. "నాన్నా," అంది. "ఈవిడ చెప్పేది నిజమా?"

పెద్దాయన ఇప్పుడు గోడవైపు లేడు. ఇటు తిరిగి, కళ్ళు తెరుచుకుని ఉన్నాడు. ఏడ్చి ఆరిన కళ్ళు. కూతురి వంక చూసి నోరు తెరిచాడు, మూశాడు. గోడతో అంత బాగా మాట్లాడిన మనిషికి బిడ్డతో మాటలు లేకుండా పోయాయి.

"అమ్మాయీ," అంది సూదమ్మ. "బయట బండి ఉంది. పది నిమిషాలు టైమిచ్చాడు, అందులో మూడు అయిపోయాయి. ఎముక ఎక్కడుందో నాకు చెప్పక్కర్లేదు. నువ్వు తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టు. బాబాయ్ ఈ పూట ఇంటికెళ్ళి పడుకుంటాడు. నన్ను పిలిపించింది దానికేగా."

"అవును, దానికే పిలిచాను. బయటివాళ్ళు ఎవరో తీసి ఉంటారు, మీరు పట్టుకుంటారు, బాబాయ్ వచ్చేస్తారు అనుకున్నాను. రేపు అందరూ వస్తారు మేడం. నాన్న పక్షి పేరు చదువుతారు. నాన్న కొత్త చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు."

"బాబాయ్‌కి ఊపిరాడదని నువ్వే చెప్పావు."

"చెప్పాను."

"మరి?"

కూతురు ఏడవలేదు. ఏడిస్తే సూదమ్మకి ఏం చేయాలో తెలిసేది. ఆమె వచ్చి సరిగ్గా గడప మీద నిలబడింది, గది మొత్తం తన వెనక్కి పోయేలా. ఆమె చెయ్యి తలుపు రెక్క మీద నిబ్బరంగా ఉంది.

"మీ ఫీజు మా ఆయన ఇస్తారు," అంది. "మీరిక వెళ్ళండి."

"ఇలా చూడు. ఇప్పుడు నువ్వు ఈ తలుపు వేస్తే, ఇకనుంచి ఆ దొంగతనం మీ నాన్నది ఒక్కడిదే కాదు."

కూతురు ఆమె కళ్ళలోకి చూసింది. ఆ మాట అర్థమైంది. అర్థమైందనే ఆమె చూపు చెప్పింది. రెక్క కదిలింది.

సన్నబడుతున్న సందులోంచి, కూతురి భుజం మీదుగా, సూదమ్మ చూసింది. పెద్దాయన లేచి కూర్చున్నాడు. దుప్పటి కిందినుంచి గోధుమరంగు ఎముకని తీశాడు. చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కూతురి వీపు వైపు చాపాడు, తీసుకో అన్నట్టు. కూతురు వెనక్కి తిరగలేదు.

వాకిట్లో బండి హారన్ మోగింది.

"అమ్మాయీ, ఒక్కసారి వెనక్కి చూడు," అంది సూదమ్మ.

తలుపు పడింది. లోపల గడియ బిగించిన చప్పుడు వినిపించింది.